దలాల్ వీథికి మూలపురుషుడు: సేఠ్ ప్రేమచంద్ రాయ్‌చంద్

వర్తకునికి రెండు పెట్టుబడులు గలవు. ఒకటి పెట్టెలోని ధనము; రెండవది బజారులోని మాట. మొదటిది పోయినను రెండవది మిగిలినచో వ్యాపారము మరల నిలుచును. రెండవది పోయినచో మొదటిది ఎంత యున్నను నిలువదు. ఈ సత్యమును తన జీవితమున రెండు వైపుల నుండియు చూచినవారు సేఠ్ ప్రేమచంద్ రాయ్‌చంద్ గారు. ఒక కాలమున బొంబాయి నగరమంతయు వారి నోటి మాటపై నడచెను. మరియొక కాలమున ఆ నగరము కూలినప్పుడు తప్పు వారిదేయని వేలు చూపబడెను. నేడు మన యిండ్లలో పిల్లలు సైతము సెన్సెక్సు ఎంత పెరిగినది, ఎంత తగ్గినదియని అడుగుచున్నారు. ఆ సెన్సెక్సు పుట్టిన ఎక్స్ఛేంజికి పునాది వేసిన వారిలో ముఖ్యుడు ఒక జైన శ్రావకుడను సంగతి ఆ పిల్లలలో ఎందరికి తెలియును? వారి కొరకే ఈ జీవిత చరిత్రము.

జననము, విద్య

ప్రేమచంద్ గారు 1831వ సంవత్సరమున సూరతు పట్టణమున ఓస్వాల్ జైన కుటుంబములో జన్మించిరి. తండ్రి రాయ్‌చంద్ దీప్‌చంద్ గారు. తల్లి రాజాబాయి గారు. సూరతు ఒకప్పుడు పశ్చిమ సముద్రతీరమునకు రాజధాని వంటి రేవు. కాని ఆ నాటికి దాని వైభవము తగ్గి, వ్యాపారమంతయు బొంబాయికి తరలిపోవుచుండెను. అనేక గుజరాతీ కుటుంబముల వలెనే రాయ్‌చంద్ గారి కుటుంబమును బతుకు తెరువు వెదకుకొనుచు బొంబాయి చేరెను.

బాలుడైన ప్రేమచంద్ ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున ఆంగ్లము నేర్చెను. ఆ కాలమున వర్తకుల పిల్లలకు లెక్కలు, చిట్టా ఆవర్జాలు వ్రాయుట వచ్చిన చాలునని పెద్దలు తలచెడివారు. ఆంగ్లము చదువుట గుమాస్తాల పనియని చిన్నచూపు గూడ నుండెను. అయితే ఈ బాలుని భవిష్యత్తునకు ఆ విద్యయే తలుపు తెరచెను. ఆంగ్లమును చదువను, వ్రాయను, మాటలాడను నేర్చిన మొదటి దేశీయ షేరు దళారి ఆయనయేయని చెప్పుదురు. ఆంగ్లేయ బ్యాంకి దొరతో నడుమ దుబాసీ లేకుండ ముఖాముఖి మాటలాడగలిగిన దళారికి ఎంతటి మేలు గలదో వర్తకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

మర్రిచెట్టు నీడ

అప్పటికి షేరు బజారనగా భవనము లేదు, సంఘము లేదు, నిబంధనము లేదు. బొంబాయి టౌను హాలు ఎదుట మైదానమున మర్రిచెట్ల క్రింద నలుగురైదుగురు దళారులు చేరి, ఈస్టిండియా కంపెనీ వారి ఋణపత్రములను, బ్యాంకుల షేరులను కొనిపించుచు అమ్మించుచు నుండిరి. 1840లో బ్యాంక్ ఆఫ్ బాంబే ఏర్పడెను. దాని షేరులే ఆ నాటి బజారులో ముఖ్యమైన సరకు. అటుపిమ్మట పదేండ్ల పాటు కూడ బ్యాంకులు, వర్తకులు నమ్మికతో పని అప్పగించు దళారులు అరడజను మందికి మించలేదు.

వారిలో రతన్‌చంద్ లాలా యను దళారి ఒకరు. ఆయనకు ఆంగ్లము రాదు. ఇరువది యేండ్ల యువకుడు ప్రేమచంద్ 1852 ప్రాంతమున ఆయన వద్ద సహాయకుడుగ చేరెను. గురువునకు అనుభవము, శిష్యునకు భాష. ఈ రెండును కలసి వ్యాపారము వృద్ధి చెందెను. రతన్‌చంద్ గారి అనంతరము ఆ పరపతి యంతయు ప్రేమచంద్ గారికి సంక్రమించెను. రోజంతయు జరిగిన బేరములను కాగితము కలము లేకుండ మనస్సున నిలుపుకొని సాయంకాలము తప్పు లేక చెప్పెడివారని వారి జ్ఞాపకశక్తిని గూర్చి కథలు గలవు. షేరులు, వెండి బంగారములు, పత్తి అన్నియు వారి చేతి మీదుగ నడచెను.

1857లో వచ్చిన కంపెనీల చట్టము వలన ఒక క్రొత్త సౌకర్యము కలిగెను. కంపెనీ మునిగినను వాటాదారుడు తన వాటా మేరకే నష్టపడును గాని ఇల్లు వాకిలి పోగొట్టుకొనడు. 1860లో బ్యాంకులకు గూడ ఈ సౌకర్యము కలిగింపబడెను. కంపెనీలు పుట్టుటకు నేల సిద్ధమయ్యెను. 1860 నాటికి దళారుల సంఖ్య 60కి పెరిగెను. వారందరిలో పెద్ద ప్రేమచంద్ గారే.

అమెరికాలో యుద్ధము, బొంబాయిలో వర్షము

1861 ఏప్రిల్ నెలలో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము ఆరంభమయ్యెను. ఇంగ్లండులోని లంకాషైరు బట్టల మిల్లులు దక్షిణ రాష్ట్రముల పత్తితో నడచుచుండెను. ఉత్తరము వారి నౌకలు దక్షిణపు రేవులను మూసివేయగా ఆ పత్తి ఆగిపోయెను. మిల్లుల చూపు మన దేశము వైపు మరలెను. పత్తి వెల కొన్ని రెట్లు పెరిగెను. బొంబాయి రేవు నుండి పత్తి బేళ్ళు పోవుట, వెండి బంగారములు వచ్చుట. ఆ నాలుగేండ్లలో బొంబాయికి మామూలు వెలపై అదనముగ వచ్చిన ధనము ఎనిమిది కోట్ల పౌన్లకు పైబడియుండునని దిన్షా వాచా గారు లెక్క వేసిరి. పరుపులలోని పాత పత్తిని గూడ తీసి అమ్మిరని చెప్పుకొందురు.

ఈ గాలి మన తెలుగు సీమకు గూడ వీచెను. గుంటూరు, కృష్ణా ప్రాంతముల పత్తికి గిరాకి పెరిగెను. కాకినాడ రేవు వృద్ధి చెందుటకు ఆ కాలపు పత్తి ఎగుమతి ఒక కారణము. కోకనాడ పత్తియను పేరు సీమ బజారులలో సయితము వాడుకలో నుండెను.

ప్రేమచంద్ గారు పత్తి వర్తకమునకు రాజువలె వెలిగిరి. ఆ రోజులలో సీమకు తంతి లేదు. లివర్పూలు ధరలు ఓడలపై టపాలో వారముల తరబడి వచ్చెడివి. ఓడ రేవు చేరక మునుపే చిన్న పడవలను సముద్రములోనికి పంపి, ఉత్తరములను ముందుగ తెప్పించుకొని, ఇతరులకన్న ముందే ధర తెలిసికొని బేరములు చేసెడివారని ప్రసిద్ధి. సమాచారము ముందుగ చేరినవానికి లాభము ముందుగ చేరునను సంగతి నాడును నేడును ఒక్కటియే.

అయితే వచ్చిన ధనము ఊరక కూర్చుండదు. పత్తిలో వచ్చిన లాభము షేరులపైకి మరలెను. ఏ కంపెనీ పెట్టినను జనము ఎగబడిరి. 1865 జనవరి నాటికి బొంబాయిలో 31 బ్యాంకులు, 16 ఆర్థిక సంఘములు, సముద్రమును పూడ్చి నేల చేయు కంపెనీలు 8 ఉండెను. దళారులు 200 మందికి మించిరి. గుమాస్తా, గుర్రపు బండివాడు, దొర, దొరసాని భేదము లేక అందరును కొనిరి. అన్నిటికన్న గొప్పది బ్యాక్‌బే కంపెనీ. సముద్రపు ఒడ్డును పూడ్చి నగరమునకు క్రొత్త నేల తెచ్చుట దాని ఉద్దేశము. దాని 5,000 రూపాయల షేరు 50,000 రూపాయల వరకు ప్రాకెను. అప్పటికి పూడిన నేల మాత్రము కొంచెమే. ఆ కంపెనీని నిలబెట్టిన వారిలో ప్రముఖులు ప్రేమచంద్ గారు. ఎవరికి షేరులు ఇవ్వవలెను, ఎవరికి ఇవ్వరాదు అనునది చాలవరకు వారి మాటపై నుండెను. ఉదయముననే వారి ఇంటి ముంగిట గొప్పవారి బండ్లు వరుసగ నిలిచెడివట.

బ్యాంకును వారి మాటను కాదనలేదు. బ్యాంక్ ఆఫ్ బాంబే వారు ప్రేమచంద్ గారు సరేయన్న చాలునని, తగిన తనఖా లేకయే అప్పులిచ్చిరి. ఆ అప్పులకు పూచీ షేరులే. ఆ షేరుల వెల పెరుగుటకు కారణము ఆ అప్పులే. వెల పెరిగినంత కాలము ఈ చక్రము ఎవరికిని భయము కలిగించలేదు. తన నీడను తానే పట్టుకొని నిచ్చెన యెక్కిన చందమున ఉండెను.

మాతృఋణము

ఈ వెలుగు దినములలోనే వారి దానములును ఆరంభమయ్యెను. 1864లో బొంబాయి విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయ భవనము కొరకు రెండు లక్షల రూపాయలు ఇచ్చిరి. కొలది కాలమునకే గడియార స్తంభము కొరకు మరి రెండు లక్షలు ఇచ్చి, దానికి తల్లి రాజాబాయి గారి పేరు పెట్టవలెనని కోరిరి. రాజాబాయి గారు నిష్ఠగల శ్రావిక. సూర్యాస్తమయము తరువాత ఆహారము ముట్టరు. వృద్ధాప్యమున చూపు మందగించినందున పొద్దు తెలియుట కష్టమై, ఒకరిని అడుగక తానుగ వేళ తెలిసికొనుటకు గంట మ్రోత ఉండవలెనని కుమారుడు తలచెనని పరంపరగ చెప్పుకొనుచున్నారు. సర్ జార్జి గిల్బర్ట్ స్కాట్ అను ఆంగ్ల శిల్పి దాని నమూనా గీసెను. 1869లో పని ఆరంభమై 1878లో ముగిసెను. 280 అడుగుల ఎత్తు. గ్రంథాలయము, స్తంభము రెంటికిని కలిపి అయిదున్నర లక్షల వరకు వ్యయమాయెను. అందు నాలుగు లక్షలు ప్రేమచంద్ గారు ఇచ్చినవి.

కలకత్తా విశ్వవిద్యాలయమునకు గూడ రెండు లక్షలు ఇచ్చిరి. ఆ నిధిపై వచ్చు వడ్డీతో 1868 నుండి ప్రేమచంద్ రాయ్‌చంద్ విద్యార్థి వేతనము ఏర్పడెను. వంగదేశమున దానిని పొందుట మహా గౌరవము. అశుతోష్ ముఖర్జీ గారు, చరిత్రకారులు జదునాథ్ సర్కార్ గారు, రమేశ్ చంద్ర మజుందార్ గారు దానిని పొందినవారే. గుజరాతీ వర్తకుడు ఒకడు తాను పుట్టని వంగదేశపు పిల్లల చదువునకు ధనమిచ్చుట గమనింపదగినది. సూరతులో ఆడపిల్లల పాఠశాల, భరూచిలో గ్రంథాలయము తండ్రి పేర నిలిచినవి. అహమ్మదాబాదులో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వారి పేర వెలసెను. ఆడపిల్లలకు అక్షరమేలయని పెద్దలే అడుగుచుండిన కాలమది. జైన తీర్థములలో ధర్మశాలలకును వారి చేయి వెనుదీయలేదు.

జులై 1

1865 ఏప్రిల్ 9న అమెరికాలో దక్షిణము వారి సేనాపతి లీ లొంగిపోయెను. ఆ వార్త బొంబాయి చేరుటతో పత్తి వెల పడిపోయెను. పత్తితో పాటు షేరుల వెలయు జారెను. నిజమైన భయము మరియొకటి. వాయిదా బేరములలో అధిక భాగము 1865 జులై 1వ తేదీన తీరవలసియుండెను. 50,000కు కొందునని మాట ఇచ్చినవాడు ఆ దినమున 50,000 తెచ్చి ఇవ్వవలెను. చేతిలో షేరు విలువ మాత్రము అందులో పదవ వంతైనను లేదు. కొన్నవాడు ఇవ్వలేడు గనుక అమ్మినవాడు మునిగెను. అమ్మినవాడు మునిగెను గనుక అతనికి అప్పిచ్చినవాడు మునిగెను. ఇట్లు గొలుసు వలె ఒకరిని పట్టుకొని ఒకరు మునిగిరి. దివాలాలు ఇన్ని వచ్చి న్యాయస్థానములు తీర్చలేకపోగా, లెక్కలు తేల్చుటకు ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చెను. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 87 రూపాయలకు దిగెను.

1866 మే నెలలో లండను నగరమున ఒక పెద్ద కొఠీ కూలి, అచ్చటి బజారును కదలెను. మిగిలిన ఆశయు పోయెను. ప్రేమచంద్ గారి కొఠీ కూడ ఆ సంవత్సరముననే చెల్లింపులు నిలిపెను. బ్యాంక్ ఆఫ్ బాంబే మూలధనములో అధిక భాగము నష్టపడి, 1868లో మూతపడి, దాని స్థానమున క్రొత్త బ్యాంకు ఏర్పడెను. ప్రభుత్వము వారు సర్ చార్లెసు జాక్సను అధ్యక్షతన విచారణ సంఘము వేసిరి. ఆ విచారణలో ప్రేమచంద్ గారి పేరు మాటిమాటికి వచ్చెను. బ్యాంకు అధికారుల అజాగ్రత్త, డైరెక్టర్ల అలసత్వము, దళారుల చొరవ అన్నియు బయటపడెను.

ఈ ఘట్టమును దాచిపెట్టి చరిత్ర చెప్పుట న్యాయము గాదు. ఆ బ్యాంకు ధనము ప్రేమచంద్ గారి ధనము కాదు. అందు వాటాదారుల పొదుపు ఉండెను. అప్పుతో షేరు, షేరుతో అప్పు అను చక్రమును త్రిప్పిన చేతులలో వారి చెయ్యి పెద్దది. వారొక్కరే దోషులనుటయు న్యాయము గాదు. గవర్నరు మొదలు గుమాస్తా వరకు అందరును ఆ మత్తులోనే యుండిరి. లాభము వచ్చినప్పుడు ఆయనను దేవునిగ కొలిచినవారే, నష్టము వచ్చినప్పుడు ఆయననే దయ్యముగ చూచిరి. బజారు స్వభావమే అది.

ఇచట వర్తకుడైనవానికి ఒక ప్రశ్న తోచును. రేపు అప్పులవారు వాకిట నిలువబోవుచుండగా నేడు లక్షలు దానమిచ్చుట ధర్మమా? ఇచ్చినప్పుడు ఆ ధనము తనదేయని ఆయన నమ్మియుండవచ్చును. పెరిగిన వెలను లాభమని లెక్కించిన వాడెవడైనను అట్లే నమ్మును. అమ్మి చేతికి తెచ్చుకొనని లాభము లాభము గాదను వర్తక సూత్రము ఇచటనే అక్కరకు వచ్చును. అయినను ఒక సంగతి నిజము. ఆయన ఇంట దాచుకొనినదంతయు అప్పులలో పోయెను. విద్యకిచ్చినది మాత్రము పోలేదు.

మరల దళారియై

ముప్పది యైదేండ్ల వయస్సున సమస్తము పోగొట్టుకొనినవాడు ఊరు విడిచి పోవచ్చును. లేదా ఇంటి తలుపు మూసుకొనవచ్చును. ప్రేమచంద్ గారు రెండును చేయలేదు. ఆ బజారుననే, ఆ జనము నడుమనే, మరల దళారిగ నిలిచిరి. పూర్వపు ఐశ్వర్యము తిరిగి రాలేదు. కాని కుటుంబము నిలిచెను, పేరు నిలిచెను. 1906లో పరమపదించు వరకు నలుబది యేండ్లు ఆ వృత్తిలోనే గడపిరి. ఎక్కినప్పటికన్న పడి లేచినప్పటి జీవితమే ఎక్కువ దీర్ఘమైనది. దానిని గూర్చి మాత్రము జనులు తక్కువగ చెప్పుకొందురు.

ఆ నలుబది యేండ్లలో ముఖ్యమైన పని దళారులను ఒక సంఘముగ కూర్చుట. 1865 నాటి విపత్తు ఒక పాఠము నేర్పెను. ఎవడు దళారియో, ఎవడు కాడో తెలియని బజారులో మాటకు జామీను లేదు. మర్రిచెట్లు పోయి, చోటు చోటునకు తరుమబడిన దళారులు 1874లో ఒక వీథిలో స్థిరపడిరి. అదియే నేటి దలాల్ వీథి. 1875 జులై 9న వారు దేశీయ షేరు దళారుల సంఘమును స్థాపించిరి. ప్రవేశ రుసుము ఒక్క రూపాయి. సభ్యులు 318 మంది. తమ వృత్తి మర్యాదను, హితమును కాపాడుకొనుట దాని ఉద్దేశము. దానిని నిలబెట్టిన పెద్దలలో ప్రేమచంద్ గారు అగ్రగణ్యులు. 1887లో సంఘమునకు శాసన పత్రము వ్రాయబడెను. 1899 జనవరిలో స్వంత హాలు ప్రారంభమయ్యెను. ఆసియా ఖండమున అతి ప్రాచీనమైన షేరు ఎక్స్ఛేంజి ఇదియే. పడినవాడు తాను పడిన చోటనే ఇతరులు పడకుండ గట్టు కట్టుట, ఆ సంఘ స్థాపనలోని అర్థము.

నాటి సంఘము, నేటి సూచిక

స్వాతంత్ర్యానంతరము 1956లో షేరుల ఒప్పందముల నియంత్రణ చట్టము వచ్చెను. ఆ చట్టము క్రింద 1957 ఆగస్టులో బొంబాయి ఎక్స్ఛేంజికి శాశ్వత గుర్తింపు లభించెను. 1986లో ఆ ఎక్స్ఛేంజి వారు సెన్సెక్సు అను సూచికను ప్రారంభించిరి. 1978-79 సంవత్సరపు వెలలను 100గ తీసికొని, 30 పెద్ద కంపెనీల షేరుల మొత్తపు విలువ అప్పటికన్న ఎన్ని రెట్లు పెరిగినదో చెప్పు లెక్క ఇది. కిరాణా దుకాణమున ఒక్క చింతపండు ధర చూచి బజారు పెరిగినదని చెప్పలేము. ముప్పది సరకుల ధరలు కలిపి, ఎక్కువ అమ్ముడుపోవు దానికి ఎక్కువ బరువు ఇచ్చి చూచినచో నిజము తెలియును. సెన్సెక్సు పద్ధతియు అంతే. పెద్ద కంపెనీకి పెద్ద బరువు. 2003 నుండి యజమానులు తమ వద్ద అట్టిపెట్టుకొన్న షేరులను విడిచి, బజారులో చేతులు మారుటకు వీలైన షేరులను మాత్రమే లెక్కించుచున్నారు. 1990 జులైలో ఈ సూచిక మొదటిసారి 1,000 దాటెను. 2006లో 10,000, 2021లో 50,000 దాటెను.

1992లో పాత కథ మరల జరిగెను. బ్యాంకుల ధనము దళారి మాటపై షేరు బజారునకు చేరెను. ఏప్రిల్ నెలలో సెన్సెక్సు 4,400 దాటి, మోసము బయటపడగానే కూలెను. బ్యాక్‌బే నాటి చక్రమునకును దీనికిని పేర్లలోనే భేదము. ఆ సంవత్సరముననే సెబీకి చట్టబద్ధమైన అధికారములు కలిగెను. జాతీయ షేరు ఎక్స్ఛేంజియు స్థాపితమయ్యెను. 1994 నవంబరులో అది కంప్యూటర్లపై షేరుల బేరములు ప్రారంభించెను. దేశమున ఏ మూలనున్నవానికైనను బొంబాయివానికి కనిపించు ధరయే అదే క్షణమున కనిపించెను. ఓడకు ఎదురుగ పడవ పంపవలసిన అవసరము తీరెను. 1996లో ఆ ఎక్స్ఛేంజి వారు 50 కంపెనీలతో నిఫ్టీ సూచికను ప్రారంభించిరి. 1995 నవంబరు 3 నాటి విలువ దానికి 1,000. ఈ మార్పుల వలన ప్రాంతీయ ఎక్స్ఛేంజిలకు పని లేకపోయెను. 1943లో ఏర్పడిన హైదరాబాదు ఎక్స్ఛేంజి 2007లోను, 1937లో పునరుద్ధరింపబడిన మద్రాసు ఎక్స్ఛేంజి 2015లోను గుర్తింపు విడిచినవి.

1865లో సూచిక లేదు. ఎవనికి వాడు తన షేరు వెల చూచుకొని మురిసెను గాని, బజారంతయు ఎంత ఎత్తున గాలిలో నిలిచియున్నదో చూపు అద్దము లేదు. నేడు ఆ అద్దము చేతిలోని ఫోనులోనే యున్నది. అయితే అద్దము జ్వరమును చూపును గాని మందు ఇవ్వదు.

మనకు పాఠము

శ్రావకుల అణువ్రతములలో పరిగ్రహ పరిమాణము ఒకటి. ఇంత ధనము, ఇంత భూమి, ఇంత వ్యాపారము, ఇంతకు మించి వద్దని ముందుగ ఒక హద్దు గీసికొనుట. సంపాదించ వద్దని కాదు. హద్దు లేక సంపాదించ వద్దని. రాజాబాయి గారికి ఆ హద్దు తెలియును. సూర్యుడు అస్తమించిన పిమ్మట ఎంతటి మృష్టాన్నమైనను ఆమెకు అక్కరలేదు. కుమారుడు తల్లి భోజన వ్రతమునకు గంట కట్టించెను గాని, తన వ్యాపారమునకు అటువంటి గంట కట్టుకొనలేదు. వారి జీవితమున లోటు అదియొక్కటియే. సుగుణములు మాత్రము అనేకములు: విద్యపై ప్రేమ, చేతి విరివి, పడిన చోటనే లేచిన ధైర్యము, తన వృత్తికి కట్టడి చేయుటలో ముందు నిలిచిన బుద్ధి.

1856లో రాయపురము నుండి తిరువళ్ళూరు మీదుగ వాలాజా వరకు దక్షిణదేశపు మొదటి రైలు నడచెను. ఆ మార్గము వెంటనే నేడు మణవాళనగర్, తిరుత్తణి ప్రాంతముల వర్తకులు ప్రతి దినము మద్రాసు బజారునకు పోయి వచ్చుచున్నారు. కొందరి బాలురు ఆ రైలులోనే కూర్చుండి ఫోనులో షేరులు కొనుచున్నారు, అమ్ముచున్నారు. వారిని వద్దనుట వలన ప్రయోజనము లేదు. అది దొంగతనము గాదు, న్యాయమైన వ్యాపారమే. అప్పు తెచ్చి కొనవద్దని, అమ్మని లాభమును ఖర్చు పెట్టవద్దని, ఇతరుల సొమ్మును తన పందెమునకు ఒడ్డవద్దని, దీపావళి చోప్డా పూజనాడు హద్దు గీసికొని ఏడాది పొడుగున దానిని దాటవద్దని మాత్రము చెప్పవచ్చును. ప్రేమచంద్ గారి కథ చెప్పిన చాలును, వేరే ఉపదేశమక్కరలేదు.

బ్యాక్‌బే షేరులు నేడు లేవు. వాటిని కొన్నవారును లేరు. బొంబాయి విశ్వవిద్యాలయ ప్రాంగణమున రాజాబాయి స్తంభము నిలిచియున్నది. 2018లో ఆ ప్రాంతపు కట్టడములతో పాటు ప్రపంచ వారసత్వ సంపదగ అది గుర్తింపు పొందినది. దాని నీడన గ్రంథాలయమున పిల్లలు చదువుకొనుచున్నారు. ప్రతి పావుగంటకు గంట మ్రోగుచున్నది. వినదలచిన వర్తకునకు ఆ గంట, వేళయైనది, చాలునని చెప్పుచున్నది.